రంగు అంటితే తప్పు నీలిమందుది కాదు

సంపాదకులకు,

సహజ రంగులతో చేసిన బ్యాగులు, స్కార్ఫులు, హెయిర్ బ్యాండ్ల గురించి మీరు ఆదివారం వేసిన వ్యాసం చదివాను. బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ మొక్క నుంచి తీసిన నీలి కాబట్టి కొన్నాళ్లు రంగు అంటడం మామూలే అని రాశారు చూడండి, అది మాత్రం ఒప్పుకోలేను. ఈ మాటే నాకు ఒక బ్యాగు అమ్మినవాళ్లూ చెప్పారు, అప్పటికే దాని పట్టీ నా తెల్ల చొక్కా భుజం మీద నీలం చార వేసేసింది.

ఆ ఉక్రోషంతోనే అద్దకం నేర్చుకున్నాను. నీలిమందు మామూలుగా నీళ్లలో కరగదు. గోరువెచ్చని నీళ్లలో సున్నం, బెల్లం కలిపి ఉంచితే కరిగే రూపానికి మారుతుంది, పైన రాగి మెరుపు తేలి, కింద నీళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చగా కనిపిస్తే తొట్టి సిద్ధమైనట్టు. అందులో ముంచి తీసిన గుడ్డ ముందు ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ మన కళ్ల ముందే నీలంగా మారుతుంది (ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు). అంటే రంగు మళ్లీ కరగని రూపానికి వచ్చి దారంలోనే ఇరుక్కుపోతుందన్నమాట. అలా ఇరుక్కున్నది అంత తేలిగ్గా ఊడిరాదు, పైపైన పేరుకున్నదే చేతికీ చొక్కాకీ అంటుతుంది.

పైపైన ఎందుకు పేరుకుంటుందంటే తొందర వల్ల. తొట్టి నీళ్లు ఇంకా నీలంగా ఉండగానే ముంచేయడం, అడుగున ఉన్న మడ్డి తగలనివ్వడం, గుడ్డకున్న గంజి వదిలించకపోవడం, ఒక్క ముంచుకే ముదురు రంగు రావాలనుకోవడం, అన్నిటికంటే ముఖ్యంగా చివర్లో సరిగ్గా ఉతక్కపోవడం. పలచని తొట్టిలో ఆరేడుసార్లు ముంచి, ప్రతిసారీ గాలికి ఆరనిచ్చి, ఆఖర్న నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతికితే ఈ గొడవ చాలావరకు ఉండదు. బాగా ముదురు నీలం రాపిడికి కొంచెం వదులుతుంది, నిజమే, జీన్స్ కూడా అంతేగా. దాన్ని అడ్డం పెట్టుకుని ఉతకని సరుకు అమ్మితే ఎలా?

పైగా ఫ్యాక్టరీ నీలి 1897 నుంచే అమ్ముతున్నారు, దానిలోనూ మొక్క నీలిలోనూ రంగునిచ్చే పదార్థం ఒకటే. కాబట్టి రంగు అంటడం మొక్క నీలికి ఆనవాలేమీ కాదు. ఈసారి ఇలాంటి వ్యాసం వేస్తే, కొనేముందు తడి తెల్ల గుడ్డతో ఒకసారి రుద్ది చూడమని ఒక్క వాక్యం చేర్చండి.

ఇక నా చొక్కా సంగతంటారా, చార ఎలాగూ పోలేదని మొత్తం చొక్కానే తొట్టిలో ముంచేశాను. కుట్లు పాలిస్టర్ దారంతో వేసినట్టున్నారు, అవి మాత్రం తెల్లగానే మిగిలాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు