తండేల్ ట్రిప్ అడుగుతున్నవాళ్లకి ముందే చెప్తున్నా

శ్రీకాకుళం నుంచి మన ట్రావెలర్ బళ్లలో తిరిగే కస్టమర్లందరికీ నమస్కారమండీ. వీకెండ్ దగ్గర పడితే చాలు ఫోన్లో ఒకటే మాట, తండేల్ సినిమా షూటింగ్ తీసిన బీచ్‌లన్నీ చూపిస్తారా, తలకెంత అని. హైదరాబాద్ వాళ్లు అడిగారంటే సరే, పలాస వాళ్లు, టెక్కలి వాళ్లు కూడా అదే అడుగుతుంటే ఇంకేటి చెప్పమంటారు. అడ్వాన్స్ కట్టేసి బండెక్కేక తెలిస్తే మీకు కోపం, నాకు తలనొప్పి, అందుకే ఉన్నదున్నట్టు రాసేస్తన్నాను.

ఆ సినిమా షూటింగ్ మొదలైందే కర్ణాటకలో, ఉడుపి తీరంలో, 2023 డిసెంబర్‌లో. కాబట్టి తెర మీద కనపడిన ప్రతి అలా మన కళింగపట్నంలోదే అనుకుని వస్తే కుదరదు. కథ మాత్రం నూటికి నూరుపాళ్లు మనది. 2018 నవంబర్‌లో గుజరాత్ వేరావల్ నుంచి చేపల వేటకెళ్లిన మన శ్రీకాకుళం మత్స్యకారులు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లిపోయి అక్కడోళ్లకి దొరికిపోయారు, ఏడాది పైన జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. సినిమా మొదలెట్టకముందు 2023 ఆగస్టులో నాగచైతన్య, డైరెక్టర్ చందూ మొండేటి ఆ మత్స్యకారుల ఊరు కె.మత్స్యలేశం వచ్చి ఆ కుటుంబాలతో కూర్చుని మాట్లాడి వెళ్లారు. మన ఊళ్లకీ ఆ సినిమాకీ గట్టి చుట్టరికం అదే. "షూటింగ్ స్పాట్స్ టూర్" అని బోర్డు పెడితే సీట్లు బేగి నిండుతాయని నాకూ తెలుసు, అయినా పెట్టను.

మరి మా ట్రిప్‌లో ఏటుంది అంటారా. పొద్దున్నే శ్రీకాకుళంలో బయల్దేరి గార మీదుగా శాలిహుండం కొండ, బౌద్ధ స్తూపాల దగ్గర కాసేపు, ఎండెక్కకముందే ఎక్కాలి, నీళ్ల బాటిల్ మీదే. పైనుంచి చూస్తే వంశధార ఎంత వెడల్పో అప్పుడు తెలుస్తాది. అక్కణ్నుంచి కళింగపట్నం, ఒకప్పుడు డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ ఓడలు నిలిపిన రేవు, ఇప్పుడు లైట్‌హౌస్, ఇసక, నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ ఈతకి దిగుతానంటే మాత్రం మా డ్రైవర్ ఒప్పుకోడు, నది మూతి దగ్గర లాగుడు ఎటుంటాదో ఎవరికీ తెలీదు, మొన్నో కుర్రాడు అలిగి బండిలోనే కూర్చున్నాడు, కూర్చోనీయండి. టైముంటే శ్రీముఖలింగం కలుపుతాం, సినిమాలో ఆ శివరాత్రి పాట చూసి అడిగేవాళ్ల కోసం. మధుకేశ్వరుడి గుడి గంగరాజుల కాలం నాటిది, గోడల మీద చెక్కడాలు తీరుబడిగా చూస్తేనే అందం, పావుగంటలో సెల్ఫీ తీసుకుని వచ్చేసేవాళ్లకి ఆ చోటు దండగ. శివరాత్రి, చక్రతీర్థం రోజుల్లో మాత్రం ట్రిప్ వెయ్యను, ఆ జనంలో బండి కదలదు.

ఇక చాలామంది అడిగేది మత్స్యకారుల ఊళ్లోకి తీసుకెళ్లి "ఆళ్లని" చూపించమని. ఇదొక్కటీ కుదరదండీ. సినిమా వచ్చిన కొత్తలో ఓ గ్రూపుని తీసుకెళ్లా, ఒకాయన అలా జైలుకెళ్లొచ్చిన మత్స్యకారుడి భార్య మొహం మీద ఫోన్ పెట్టేసి జైల్లో మీ ఆయన్ని కొట్టారా అని అడిగేశాడు. ఆవిడ వలలో చెయ్యి తియ్యకుండానే "సినిమాలో సూసేరు కదా బాబూ, మల్లీ నా సేత సెప్పించాలేటి" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచి బండి బీచ్ దగ్గరే ఆగుతాది. ఎవరన్నా వాళ్లంతట వాళ్లు కబుర్లాడితే కూర్చుని వినండి, వీడియో తియ్యాలంటే అడిగి తియ్యండి, చేపలు కొనుక్కుంటే బేరం మరీ పీకకండి. కానాగంత చేపలు దొరికిన రోజు ఐస్ బాక్స్ బండిలో ఉంటాది, దానికి వేరే డబ్బులొద్దు.

ఎప్పుడు రావాలి అనేదానికి నా సలహా జూన్ ఆఖరు, జూలై. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, గుజరాత్ వైపు జూన్, జూలై నిషేధం, అంటే ఆ రోజుల్లో అటెళ్లిన మగాళ్లు ఇంటికొచ్చి ఉంటారు, ఇక్కడ బోట్లు కూడా కదులుతుంటాయి, తీరం సందడిగా ఉంటాది. ఆగస్టు వచ్చిందంటే మళ్లీ రైలెక్కి వేరావల్ ఎల్లిపోతారు, వీధుల్లో ఆడోళ్లు, పెద్దోళ్లు, పిల్లలే. పెద్ద బోట్లు నిలపడానికి సరైన జెట్టీ ఇక్కడే ఉంటే ఇంతమంది అంతదూరం ఎందుకెళ్తారు, సముద్రం మన గుమ్మంలోనే ఉంది కదా అని నాకనిపిస్తాది, అదంతా రాస్తే ట్రిప్ పోస్టు కాదనుకోండి.

లేదు, నిజంగా సినిమా తీసిన బీచే కావాలి అంటే భీమిలి ట్రిప్ ఎక్కండి. బాలచందర్ గారు మరోచరిత్ర విశాఖ, భీమిలి తీరంలోనే తీశారు, 1978లో వచ్చింది, కమల్ హాసన్, సరిత, సరితకి అదే మొదటి సినిమా. విజయనగరం వాళ్లకి దగ్గర కాబట్టి అక్కడ కూడా ఎక్కించుకుంటాం. డచ్చి సమాధులు, గంటస్తంభం, గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, అన్నీ నడిచే దూరంలోనే. మా బళ్లో అరవై దాటినవాళ్లు ఎక్కువ ఎక్కేది దీనికే, వాళ్ల పాటల గోలకి డ్రైవర్ ఎఫ్ఎమ్ కట్టేస్తాడు.

రెండు ట్రిప్పులకీ పాత రేటే, భోజనం మీ ఖర్చు. కళింగపట్నంలో పెద్ద హోటళ్లు ఉంటాయని ఆశపడకండి, భోజనానికి శ్రీకాకుళం వచ్చేస్తాం. బుకింగ్ శుక్రవారం సాయంత్రం లోపు చెప్పండి, తుఫాను హెచ్చరిక వస్తే ట్రిప్ క్యాన్సిల్, డబ్బులు మొత్తం తిరిగిచ్చేస్తాను.