అంగన్‌వాడీల్లో పసివారి కోపతాపాలనూ పట్టించుకోవాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మన ఉమ్మడి వరంగల్ జిల్లా అంగన్‌వాడీ కేంద్రాలలో పిల్లల బరువు తూస్తారు, ఎత్తు కొలుస్తారు, ఎదుగుదల తక్కువగా ఉంటే తల్లిని పిలిచి చెబుతారు. అదే పిల్ల రోజూ తోటివారిని కొరుకుతున్నా, మూలన కూర్చుని ఎవరితోనూ మాట్లాడకపోయినా ‘మొండిది’ అనో ‘సిగ్గరి’ అనో తేల్చేసి ఊరుకుంటాం. కాగితం మీద ఈ విషయం లేకపోలేదు. 2022లో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 3 నుంచి 8 ఏళ్ల పిల్లల చదువులో భావోద్వేగ వికాసాన్ని కూడా ఒక లక్ష్యంగా చేర్చింది. కేంద్రంలో పిల్లల మధ్య కూర్చునే టీచరుకు, ఆయాకు అది ఆచరణగా ఎంతవరకు అందిందన్నదే నా ప్రశ్న.

ఉద్రేకాన్ని అదుపు చేసుకునే మెదడు భాగం ఇరవై ఏళ్లు దాటాక గాని పూర్తిగా పరిణతి చెందదు. కాబట్టి మూడేళ్ల పిల్లవాడు నేలమీద పడి దొర్లుతున్నప్పుడు ‘నోర్ముయ్’ అంటే అతనికి చేతకాని పనిని చేయమన్నట్టే అవుతుంది. పక్కన కూర్చుని, ఏడుపు కొంత తగ్గేదాకా ఆగి, ‘నీ బొమ్మ గుంజుకున్నడని కోపమొచ్చిందా?’ అని అడిగే పెద్దమనిషి ఒకరుంటే, తనకు కలిగినది కోపమని, అది వచ్చినంత మాత్రాన తాను చెడ్డవాడు కాడని, అయితే కొట్టడం మాత్రం కుదరదని ఆ పిల్లవాడు మెల్లగా తెలుసుకుంటాడు. ఇది ముద్దు చేయడం కాదు. అడిగిందల్లా ఇచ్చేయడం అంతకన్నా కాదు.

మన ఇళ్లలో జరిగేది వేరు. పత్తి ఏరే కాలంలో తల్లులు పొద్దున్నే చేన్లకు పోతే అవ్వల దగ్గర ఉండే పిల్లలకు ఏడుపు మాన్పించే సాధనం ఫోనే అవుతోంది. పట్నంలో ఉద్యోగస్తుల ఇళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు తెర ముందు గడిపే సమయం రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది. ఏడ్చినప్పుడల్లా ఫోను చేతికిస్తే, దిగులును తట్టుకోవడం నేర్చుకునే అవకాశమే ఆ పిల్లకు దొరకదు. ఇక ఫోను లేని చోట బెదిరింపు ఉంటుంది: బూచోడు, పోలీసు, లేదంటే సూది. (ఏడిస్తే సూది వేయిస్తామని ఏడాది పొడవునా భయపెట్టి, టీకాల రోజున పిల్ల నర్సమ్మను చూసి పారిపోతోందని విసుక్కునేదీ మనమే.)

చట్టంలోనూ ఒక లోటుంది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. కానీ ఆ చట్టం నిర్వచనంలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్ల వారే. దెబ్బ ఎందుకు పడిందో చెప్పుకోలేని నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలు ఆ నిర్వచనానికి వెలుపలే ఉన్నారు. హనుమకొండ, కాజీపేట వీధుల్లో వెలసిన ప్లే స్కూళ్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

అంగన్‌వాడీ టీచర్లపై రికార్డులు, యాప్‌లు, సర్వేల భారం ఇప్పటికే ఎక్కువగా ఉంది; మరో రిజిస్టరు పెట్టమని నేను కోరడం లేదు. వారి సెక్టార్ సమావేశాలలో కొంత సమయం కేటాయించి, ఏడ్చే పిల్లను, కొట్టే పిల్లను, మాట్లాడని పిల్లను ఎలా దగ్గరకు తీయాలో పిల్లల మనస్తత్వం తెలిసినవారితో చేసి చూపించాలని, ఆయాలను కూడా అందులో కూర్చోబెట్టాలని మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా అధికారులను కోరుతున్నాను. ఆరేళ్ల లోపు పిల్లలను చేర్చుకునే ప్రతి ప్రైవేటు బడికీ కొట్టడం, బెదిరించడం నిషేధమని రాష్ట్ర ప్రభుత్వం స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చి, దానిని వచ్చే జూన్‌లో ప్రవేశాలు మొదలయ్యేలోపే అమలులోకి తేవాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ