సెలవు క్లాసుకేనా, పరిశోధనకు లేదా?

సంపాదకులకు,

నేను హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెబుతాను. నా పరిశోధన గడ్డిజాతుల మీద. అమ్రాబాద్ అడవుల్లో చాలా గడ్డి వానాకాలం చివర్లో కంకి వేస్తుంది. కంకి చూడకుండా అది ఏ జాతో తేల్చడం కష్టం. అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు అనుమతి తీసుకునే జీతం లేని సెలవు, అంటే ఈఓఎల్, పెట్టాను. సెలవు కొన్ని నెలలే, పోయింది మాత్రం సీజన్ మొత్తం. మరుసటి ఏడు డ్యూటీలో చేరినా, రాత్రిళ్లు అమ్మ దగ్గర ఉండే మనిషి దొరక్క అడవికి వెళ్లలేకపోయాను.

ప్రొఫెసర్ పదోన్నతికి 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం పది పరిశోధన పేపర్లు, 110 రీసెర్చ్ స్కోరు, అంటే పరిశోధన పనికి వేసే పాయింట్లు, ఉండాలి. ఆ పదిలో మూడు అసెస్‌మెంట్ కాలంలోనే, అంటే ఈ పదోన్నతికి లెక్కించే సర్వీసు ఏళ్లలోనే, అచ్చవ్వాలి. పదీ ఉన్నాయి, స్కోరూ ఉంది. ఆ మూడు దగ్గరే నా ఫైలు ఆగింది. కమిటీని తప్పుపట్టను, ఉన్న రూలే చదివారు.

కానీ అదే నిబంధనల్లో బోధన గ్రేడింగ్ పట్టిక కింద ఒక నోట్ ఉంది. ప్రసూతి సెలవు నుంచి ఈఓఎల్ దాకా, సెలవులో ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేసి, మిగతా కాలంలో పనిని బట్టే గ్రేడు ఇవ్వమంటుంది. క్లాసుకి రాని రోజులకి మినహాయింపు ఉంది, పేపర్లకి మాత్రం లేదు. ఆ రోజుల్లో మేం ల్యాబుల్లో, అడవుల్లో ఉన్నామనుకున్నారో ఏమో!

ఏడాది ఆగి అప్లై చేసుకోవచ్చుగా అంటారు. ఆగితే పదోన్నతి తేదీ, దాంతోపాటు జీతం వెనక్కి పోతాయి. వేరేచోట ఇలా లేదు. యూరప్‌లో పరిశోధనకి నిధులిచ్చే యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ కొత్త పరిశోధకుల గ్రాంట్లకి అర్హత చూసేటప్పుడు తల్లులకి ఒక్కో బిడ్డకి 18 నెలలు గడువు పెంచుతుంది. తల్లిదండ్రుల దీర్ఘకాల జబ్బునీ పరిగణిస్తుంది.

పది పేపర్లు, 110 స్కోరు అలాగే ఉంచండి. మంజూరైన సెలవు ఎంత ఉంటే, మూడు పేపర్లు లెక్కించే కాలం మొదలయ్యే తేదీని అంత వెనక్కి జరపండి. సీజన్ మీద ఆధారపడే పనికైతే పూర్తి ఏడాది ఇవ్వండి. దీన్ని మహిళలకే అని మాత్రం రాయొద్దు. భార్య కీమో కోసం సెలవు పెట్టిన సహోద్యోగి మా డిపార్ట్‌మెంట్‌లోనే ఉన్నారు. రుజువుగా సెలవు ఉత్తర్వు కాపీ చాలు. ఇంట్లోవాళ్ల హాస్పిటల్ కాగితాలు కమిటీ ముందు పరిచేలా చేయకండి.

– ఒక అసోసియేట్ ప్రొఫెసర్, హైదరాబాద్
(పేరు ప్రచురించవద్దని మనవి)