సముద్రానికి ఉప్పు ఎక్కడిది?

సంపాదకులకు,

నదులు ఉప్పు తెస్తాయని బడిలో చెప్పి వదిలేస్తున్నారు. అది సగం సమాధానమే. వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కాస్త ఆమ్లమై రాళ్లను కరిగిస్తుంది. అలా కరిగిన సోడియం, కాల్షియం కృష్ణ వెంట హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి. క్లోరైడ్ మాత్రం ఎక్కువగా అగ్నిపర్వతాల వాయువుల నుంచి వచ్చింది. కాల్షియాన్ని ఆల్చిప్పలు, నత్తలు పెంకులకు వాడేసుకుంటాయి. సోడియం, క్లోరైడ్‌లు (రెండూ కలిస్తేనే మనం తినే ఉప్పు) కోట్ల ఏళ్లు నీటిలోనే ఉండిపోతాయి. సగటున కిలో నీటికి 35 గ్రాముల లవణాలు. వరదనీరు కలిసే మన తీరంలో వానాకాలం తర్వాత ఇంకా తక్కువ.

సూర్యలంక తీరం నుంచి సముద్రపు నీళ్లు తెచ్చి పిల్లలకు కాచి చూపించే ఉపాధ్యాయులు పూర్తిగా ఇగరనివ్వకండి. ముందు సున్నం, జిప్సం, తర్వాత ఉప్పు గింజకడతాయి. చివర మిగిలే మెగ్నీషియం నీళ్లు చేదు. వాటిని వంచేయకపోతే ఉప్పంతా చేదెక్కి, గాలిలో తేమకు నీరుకారుతుంది.

– భూగర్భశాస్త్ర అధ్యాపకులు, గుంటూరు