ఆ పిల్లవాడు ఆడింది ఏ ఆట?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ లేఖల శీర్షికలో ఒక తండ్రి ఆవేదనను చదివాను. తొమ్మిదో తరగతి చదువుతున్న కుమారుడు ఏదో ఆటలో పదే పదే ఓడిపోయి, విసుగెత్తి ఫోన్‌ను గోడకేసి కొట్టాడని, ఇంత కష్టమైన ఆటలు పిల్లల చేతికి అందకుండా ప్రభుత్వమే చూడాలని ఆయన కోరారు. ఫోన్ ధర తెలిసిన తండ్రిగా ఆయన బాధ నాకు అర్థమైంది. అయితే ఆట కష్టంగా ఉండడమే నేరమన్నట్టుగా సాగిన ఆయన వాదనతో నాకు పేచీ ఉంది. 1996 నుంచి ఆరేళ్ల పాటు హన్మకొండ చౌరస్తాకు దగ్గరలో ఒక గల్లీలో నేను వీడియో గేమ్‌ల దుకాణం నడిపాను. పిల్లలు ఎందుకు ఓడిపోతారో, ఓడిపోయాక ఏం చేస్తారో ఆరేళ్లు స్టూలు మీద కూర్చుని చూసినవాణ్ని కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

డబ్బులు పందెం కాసే ఆన్‌లైన్ ఆటల సంగతి నేను ఎత్తడం లేదు. వాటిని మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. నా మాట గెలిచినా చేతికి పైసా రాని ఆటల గురించి మాత్రమే.

మా దుకాణంలో టీవీలకు తగిలించిన గేమ్ పెట్టెలు మూడు, రూపాయి బిళ్ల వేసి ఆడే నిలువెత్తు మిషిన్ ఒకటి ఉండేవి. టీవీల దగ్గర గంట లెక్క కనుక పిల్లవాడు గెలిచినా ఓడినా నాకు ఒకటే. మిషిన్ దగ్గర అలా కాదు. ఆడేవాడు ఎంత త్వరగా ఓడితే అంత త్వరగా ఇంకో రూపాయి పడుతుంది. దాని వెనక తలుపు తీస్తే లోపలి బోర్డు మీద బియ్యపు గింజంత తెల్లని స్విచ్చులు ఎనిమిది వరుసగా కనిపించేవి. అగ్గిపుల్లతో వాటిని అటూ ఇటూ జరిపితే ఆటకు ఎన్ని లైఫ్‌లు ఇవ్వాలో, ఆట ఎంత కఠినంగా ఉండాలో మారిపోయేది. ఇది నా మిషిన్‌కే ఉన్న ఏర్పాటు కాదు, ఆ కాలపు బిళ్ల మిషిన్లలో చాలావాటికి దుకాణదారు కోసమే ఇలాంటి స్విచ్చులు పెట్టేవారు. ఒక దసరా సెలవుల్లో నాకు ఆశ పుట్టింది. లైఫ్‌లు తగ్గిస్తే తెర మీద కనిపించి దొరికిపోతానని వాటి జోలికి పోకుండా, కష్టాన్ని మాత్రం ఒక మెట్టు పైకి జరిపాను. మూడు రోజులు గల్లా బరువెక్కింది. నాలుగో రోజు, రోజూ వచ్చే పిల్లవాడొకడు వరుసగా నాలుగు బిళ్లలు పోగొట్టుకుని, మిషిన్ వెనక్కి ఒకసారి తొంగి చూసి, “అన్నా, నేను మంచిగనే ఆడుతున్న, మిషినే మారింది” అని వెళ్లిపోయాడు. వారం తిరిగేసరికి దాని ముందు ఎవరూ నిలబడలేదు. స్విచ్చును మళ్లీ మొదటి చోటికి జరిపాను గానీ ఆ పిల్లవాడు మాత్రం తిరిగి రాలేదు.

ఆటలో కష్టానికి, గల్లాకు ఉన్న ఈ చుట్టరికం మొదటి నుంచీ ఉన్నదే. అలాగని ప్రతి కష్టమూ దురాశలోంచి పుట్టిందనడం కూడా సరికాదు. 1978లో జపాన్‌కు చెందిన తొమోహిరో నిషికాదో తయారు చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. ఆ వేగం ఆయన ముందుగా అనుకుని పెట్టింది కాదు. తెర నిండా బొమ్మలు ఉన్నప్పుడు ఆనాటి ప్రాసెసర్ వాటన్నిటినీ గీయలేక మెల్లగా నడిచేది; బొమ్మలు తగ్గేకొద్దీ దాని భారం తగ్గి పరుగు అందుకునేది. ఆడేవారికి అందులో ఉత్కంఠ కలుగుతోందని గ్రహించి ఆయన దాన్ని అలాగే ఉంచేశారు. ఇళ్లలో ఆడే ఆటలు వచ్చాక కష్టానికి కారణం మారింది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఒక పండుగ శుభాకాంక్షల బొమ్మ సాధారణంగా దానికన్నా పెద్దది. కిటుకులన్నీ తెలిసిన ఆటగాళ్లు ఆ ఆటను మొదటి నుంచి చివరి దాకా ఐదు నిమిషాల లోపే ముగించేస్తారు. డబ్బు పెట్టి కొన్నవాడు ఒక్క పూటలో ముగించి మూలన పడేయకూడదంటే దారిలో వాణ్ని పదే పదే పడగొట్టక తప్పదు. మరుసటి ఏడాది జపాన్‌లో విడుదలైన రెండో భాగంలో, తింటే బలం వచ్చే పుట్టగొడుగుకు తోడు ఇంచుమించు అదే ఆకారంలో విషపు పుట్టగొడుగును కూడా పెట్టారు. అది మరీ కఠినమని అమెరికాకు పంపకుండా ఆపివేశారు. 1993లో గానీ అక్కడివారికి అది అందలేదు.

మా దుకాణంలో రాజ్యమేలిన ఆట మాత్రం ‘కాంట్రా’. ఒక్క తూటా తగిలితే ఒక లైఫ్ పోతుంది, ఉండేవి మూడే. పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆ తర్వాత బి, ఎ అని నొక్కితే ముప్పై లైఫ్‌లు వస్తాయని తెలిసిన పిల్లవాడి చుట్టూ పదిమంది మూగేవారు. ఈ వరుసను మొదట కనిపెట్టింది కొనామీ సంస్థలో పనిచేసిన కజుహిసా హషిమొతో. 1986లో ‘గ్రేడియస్’ అనే ఆటను ఇంటి మిషిన్‌కు మారుస్తూ, పరీక్షించి చూద్దామంటే అది తనకే కొరుకుడు పడక, తన కోసం పెట్టుకున్న దొడ్డిదారి అది. తీసేయకుండానే ఆట బజారుకు వెళ్లిపోయింది, తర్వాత అదే సంస్థ తెచ్చిన ‘కాంట్రా’లోకీ ఆ వరుస వచ్చింది. ఆట కట్టినవాడే దాటలేని గోడలు ఆ రోజుల్లో ఉండేవన్నమాట.

ఇంత చెప్పినా అసలు సంగతి దగ్గరకు ఇంకా రాలేదు. ఓడిన ప్రతి పిల్లవాడి నోటి నుంచీ మొదట వచ్చే మాట “జాయ్‌స్టిక్ ఖరాబైంది అన్నా” అనేదే. నేను వాదించకుండా పక్క టీవీ జాయ్‌స్టిక్‌తో మార్చి ఇచ్చేవాణ్ని. పిల్లవాడు మళ్లీ అదే చోట చస్తే తప్పు వాడిది. దాటేస్తే తప్పు నాది. నాదైన సందర్భాలు తక్కువేమీ కావు. బటన్ కింద ఉండే రబ్బరు ముక్కకు అంటిన నల్లటి పూత అరిగిపోతే ఎంత గట్టిగా నొక్కినా పని చేయదు. రాత్రి దుకాణం మూశాక స్క్రూలు విప్పి, ఆ రబ్బరు మీద పెన్సిల్ ముల్లుతో నల్లగా రుద్ది మళ్లీ బిగించేవాణ్ని. ఇంకో నెల గడిచేది. ఆ ఆరేళ్లలో నాకు కనిపించింది ఇది: నొక్కింది పని చేయక ఓడిన పిల్లవాడు జాయ్‌స్టిక్‌ను నేలకేసి కొట్టేవాడు. తాను తొందరపడి ఎగరడం వల్ల ఓడినవాడు పళ్లు కొరుక్కుని, జేబులో చిల్లర వెతుక్కుని మళ్లీ కూర్చునేవాడు. ఆట ఇద్దరికీ ఒకటే, స్టేజీ ఒకటే.

ఇప్పటి ఆటల్లో బాగా కష్టమైనవని పేరుపడినవాటిని గమనిస్తే, మంచివి ఈ తేడాను ఎంత పట్టించుకుంటాయో తెలుస్తుంది. సాధారణంగా తెర మీద సెకనుకు అరవై బొమ్మలు మారతాయి, అంటే ఒక్కో బొమ్మకు దాదాపు 17 మిల్లీసెకన్లు. కంటపడినదానికి వేలు కదలడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది, అంటే పదిహేను బొమ్మలు గడిచిపోతాయి. అందుచేత దెబ్బ పడేముందు అంతకన్నా ఎక్కువ సేపు హెచ్చరిక కనిపించకపోతే అది కష్టం కాదు, మోసం. హిదెతాకా మియజాకీ రూపొందించిన ‘డార్క్ సోల్స్’ 2011లో వచ్చింది. అందులో రాక్షసుడు కత్తి దూసే తీరును బట్టి దెబ్బ ఎటు నుంచి వస్తుందో చాలాసార్లు పసిగట్టవచ్చు. చస్తే కూడబెట్టుకున్నదంతా చచ్చిన చోటే పడి ఉంటుంది. వెళ్లి తెచ్చుకోవచ్చు, అక్కడికి చేరేలోపు మళ్లీ చస్తే మాత్రం శాశ్వతంగా పోతుంది. కఠినమే, కానీ లెక్క ముందే చెప్పిన కఠినం. అదే బృందం 2022లో తెచ్చిన ‘ఎల్డెన్ రింగ్’ ఏడాది తిరిగేలోపు రెండు కోట్ల కాపీలు అమ్ముడైంది. కష్టాన్ని జనం డబ్బు పెట్టి మరీ కొనుక్కుంటున్నారు.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు ‘సెలెస్ట్’ అనే ఆట ఆడుతుంటే ఒక రోజు పక్కన కూర్చుని చూశాను. 2018లో వచ్చిన ఈ ఆటలో ఒక అమ్మాయి కొండ ఎక్కాలి, అంతే. ముళ్లు తగిలితే చావు. కానీ రెప్పపాటులో అదే తెర మొదట్లో లేచి నిలబడుతుంది, మొదటి నుంచి నడవనక్కర లేదు. బండ అంచు దాటి కాలు గాలిలో పడ్డాక కూడా కొద్ది బొమ్మల వ్యవధిలో బటన్ నొక్కితే ఎగిరినట్టే లెక్కిస్తారు. ఆ దయ చూపిస్తున్నట్టు ఆడేవాడికి తెలియనివ్వరు. చేతకానివారు వేగం తగ్గించుకునే వీలు కూడా పెట్టారు. మావాడు అది వాడలేదు. అంకం ముగియగానే తెర మీద చావుల లెక్క పడింది. “మామా, నాలుగు వందల పన్నెండు సార్లు సచ్చిన” అని ఇల్లంతా చాటుకున్నాడు. ఆ ముఖంలో నాకు కనిపించింది విసుగు కాదు.

ఈ రకపు కష్టం మనకు కొత్తదేమీ కాదు. పరకాల దగ్గర మా ఊళ్లో మా తాత అరుగు మీద సుద్దముక్కతో పులి-మేక గీసి, తాను మూడు పులులు ఉంచుకుని నాకు పదిహేను మేకలు ఇచ్చేవాడు. నేను ఓడిన ప్రతిసారీ రాళ్లను నాలుగైదు ఎత్తులు వెనక్కి పేర్చి, ఏ మేకను తొందరపడి ఎక్కడ పెట్టానో వేలు పెట్టి చూపేవాడు. అందులో గవ్వలు లేవు, అదృష్టం లేదు. ఓటమికి కారణం బండ మీద కళ్ల ముందే ఉండేది.

ఫోన్‌లలో ఉచితంగా దొరికే ఆటల్లో చాలావాటి తీరు దీనికి వ్యతిరేకం. అక్కడ ఆట ఉచితం, అమ్మేది ఓటమిని. 2012లో వచ్చిన ‘క్యాండీ క్రష్ సాగా’ ఈ పద్ధతిని అందరికీ అలవాటు చేసింది: ఐదు లైఫ్‌లు, పోయిన ఒక్కోటి తిరిగి రావడానికి అరగంట, ఆగలేనివారు కొనుక్కోవచ్చు. పై నుంచి రాలే మిఠాయిలు ఏ రంగువో మన చేతిలో లేదు కనుక, ఓడినప్పుడు మన తెలివి తక్కువైందా, అదృష్టం తక్కువైందా తేల్చుకోలేం. అష్టాచెమ్మలోనూ అదృష్టం ఉంది నిజమే, కానీ గవ్వలు వేసేది మన చేయి, పడింది నలుగురూ చూస్తారు.

ఏడో తరగతి చదివే మా చిన్న మేనకోడలు ఇలాంటిదే మరో ఆటలో (పేరు రాయను) చిక్కుకుంది. ఒక స్టేజీ నుంచి ప్రతిసారీ ఒకటి రెండు ఎత్తులు తక్కువై ఓడిపోతోంది. ఓడిన క్షణమే ‘ఇంకో ఐదు ఎత్తులు’ అంటూ పచ్చ బటన్ వెలుగుతోంది. వాళ్లమ్మ ఫోన్‌లో యూపీఐ పిన్ పిల్లకు తెలుసు. బ్యాంకు మెసేజ్‌లు లెక్కపెడితే ఒక్కోసారి 49 రూపాయల చొప్పున 24 సార్లు, మొత్తం 1,176 రూపాయలు. మా అక్క పిల్లను కొట్టబోతే అడ్డుపడి, ఆ స్టేజీ నేనే కూర్చుని ఆడాను. సాయంత్రం దాకా ఆడి కూడా నా తప్పు ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను. నా పాత మిషిన్‌లో స్విచ్చు జరిపితే ఒక పిల్లవాడు నాలుగో రోజుకు పసిగట్టాడు, ఎందుకంటే నిన్నటి ఆట వాడి వేళ్లకు గుర్తుంది. ఇక్కడ స్విచ్చు ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. ఎవరికి, ఎప్పుడు, ఎంత జరిపారో, అసలు జరిపారో లేదో పిల్లకు తెలిసే దారి లేదు.

ఈ కొలతకు లొంగని ఆటలూ ఉన్నాయని ఒప్పుకుంటాను. 2017లో బెనెట్ ఫాడీ చేసిన ఒక ఆటలో డేగిసాలో కూర్చున్న మనిషి సుత్తె ఊతంగా కొండ ఎక్కాలి. చేయి జారితే గంటల శ్రమ పోయి మొదటికి వస్తాడు. కొందరిని బాధపెట్టడానికే చేశానని తయారుచేసినవాడే చెప్పుకున్నాడు. నాకు అది నచ్చలేదు, కానీ మోసమని అనలేను. హనోయ్‌కి చెందిన యువకుడు 2013లో తెచ్చిన ‘ఫ్లాపీ బర్డ్’ కూడా అంతే. ఒక్క వేలితో ఆడేది, పది లెక్కపెట్టేలోపు చచ్చేది. జనం దానికి బానిసలవుతున్నారని 2014 ఫిబ్రవరిలో అతనే దాన్ని ఉపసంహరించుకున్నాడు. కాబట్టి లేఖ రాసిన తండ్రి భయం ఉత్తది కాదు.

ఇక ఫోన్ పాతదైనా, నెట్‌వర్క్ సరిగ్గా లేకపోయినా నొక్కింది ఆలస్యంగా అందుతుంది. మా ఇంట్లోనే వెనక గదిలో ఓడే ఆట ముందు గదిలో గెలుస్తుంది. అది అరిగిన రబ్బరు లాంటిదే, ఆటను తిట్టి లాభం లేదు.

అందుకే ఆ తండ్రి లేఖను రెండుసార్లు చదివాను. కుమారుడి తరగతి రాశారు, ఫోన్ ధర రాశారు, గోడకు పడిన సొట్ట గురించి కూడా రాశారు. ఆ సమయంలో తెర మీద ఉన్నది ఏ ఆటో మాత్రం రాయలేదు. అది ఏదో, ఓడిన వెంటనే తెర మీద ‘మళ్లీ ఆడు’ అని వచ్చిందో, ‘కొను’ అని వచ్చిందో పిల్లవాణ్ని అడిగి మీ పత్రిక ద్వారానే తెలియజేయవలసిందిగా ఆయనను కోరుతున్నాను.

ఇట్లు,
ఒకప్పటి వీడియో గేమ్‌ల దుకాణదారు,
హన్మకొండ