పక్కన నిలబడినవాడి గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మైల్స్ డేవిస్ నూరేళ్ల సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఒక జాజ్ ట్రంపెట్ విద్వాంసుడికి తెలుగు పేపర్లో సగం పేజీ ఇచ్చారని ముందు చాలా సంతోషపడ్డాను, ఇంట్లో అందరికీ చూపించాను కూడా. కానీ చివర్లో 1991లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ ఉత్సవంలో ఆయన చేసిన కచేరీ గురించి రాసిన రెండు వాక్యాలు చదివాక మనసు చివుక్కుమంది. ఒంట్లో సత్తువ లేని మనిషి పాత పాటల దగ్గరికి వెళ్లి, పక్కవాడి సాయంతో ఎలాగో గట్టెక్కాడన్నట్టు ఉంది అక్కడ. విన్నవాళ్లు జాలిపడి చప్పట్లు కొట్టారన్న అర్థం కూడా వస్తోంది. ఆ మాట నేను ఒప్పుకోలేను, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, ఉన్నంతలో వేసుకోండి.

సంగతి తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్తాను. 1957 నుంచి 1960 వరకు మైల్స్, కెనడాలో పుట్టిన గిల్ ఎవాన్స్ అనే అరేంజర్ (ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసిపెట్టే మనిషి) కలిసి మూడు ఆర్కెస్ట్రా ఆల్బమ్‌లు చేశారు. మామూలు బిగ్ బ్యాండ్‌లో సాక్సోఫోన్ల వరుస జోరుగా మోగుతుంది కదా, ఎవాన్స్ ఆ దారిలో వెళ్లకుండా ఫ్రెంచ్ హార్న్, ట్యూబా, ఫ్లూట్, బాస్ క్లారినెట్ లాంటివి పెట్టుకుని, తెల్లవారుజామున చెరువు మీద మంచు పరుచుకున్నట్టుండే నాదం తయారుచేశారు. దాని మీద ఒక్క ట్రంపెట్, కొన్నిచోట్ల దానికంటే మెత్తగా పలికే ఫ్లూగల్‌హార్న్. అంతే. ఆ పాటల్లో కొన్నిటిని 1961 మే 19న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో 21 మంది ఆర్కెస్ట్రాతో వాయించారు. తర్వాత సంవత్సరాల్లో మైల్స్ పూర్తిగా వేరే దారులు పట్టారు, ఎలక్ట్రిక్ వాయిద్యాలు వచ్చాయి, అనారోగ్యంతో 1975 నుంచి ఐదేళ్ల పాటు అసలు ట్రంపెటే ముట్టలేదు, తిరిగొచ్చాక కూడా ఆ పాతవి వాయించమంటే ఒప్పుకునేవారు కాదు. గిల్ ఎవాన్స్ 1988లో పోయారు. చివరికి మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌లతో మనందరికీ తెలిసిన క్విన్సీ జోన్స్, మాంట్రూ ఉత్సవం మొదలుపెట్టిన క్లాడ్ నాబ్స్ పట్టుబట్టి ఒప్పిస్తే, 1991 జులై 8న స్విట్జర్లాండ్‌లో రెండు బృందాలను కలిపి క్విన్సీ జోన్స్ నడిపించగా మైల్స్ ఆ పాటలు వాయించారు. అప్పటికి ఆయనకి 65 ఏళ్లు. సరిగ్గా 82 రోజుల తర్వాత, సెప్టెంబర్ 28న పోయారు.

ఆ కచేరీలో ఆయన పక్కన ఇంకో ట్రంపెట్ ఉంది. వాలెస్ రోనీ, 31 ఏళ్ల కుర్రాడు. మీ వ్యాసంలో ఆ అబ్బాయి పేరు కూడా లేదు. పక్కవాడు అని ఊరుకున్నారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మేం పశ్చిమ మాంబళంలో ఉంటాం, మా తాతగారు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆదివారం సాయంత్రాలు మా హాల్లో నలుగురైదుగురం కూర్చుని ఏదో ఒక కచేరీ వింటాం. మీ వ్యాసం వచ్చిన వారం ఈ మాంట్రూ వీడియోనే టీవీలో పెట్టాను. ఆ రోజు ఉన్నది మా పిన్ని, ఆవిడకి 78 ఏళ్లు, పెళ్లయి మద్రాసు వచ్చిన దగ్గర్నుంచి మార్గళి మాసంలో ఒక్క ఏడాది కూడా సభలు మానలేదు. మా అబ్బాయి, వాడి స్నేహితుడు, ఆ పిల్లవాడు కీబోర్డ్ నేర్చుకుంటున్నాడు, మైల్స్ పాత రికార్డులు వాడికి కంఠతా వచ్చు. ఇంకొకరు మా కింది పోర్షన్‌లో ఉండే పెద్దాయన. తెలుగు సినిమా ఇంకా మద్రాసులో ఉన్న రోజుల్లో కోడంబాక్కం రికార్డింగ్ థియేటర్లలో ట్రంపెట్ వాయించినవారు. ముందు పళ్లు ఊడాక వాయించడం మానేశారు. ట్రంపెట్‌కి పళ్లెందుకని నేను ఒకసారి అడిగితే చెప్పారు: సన్నాయికి పీక ఉంటుంది, ట్రంపెట్‌కి పెదవులే పీక అమ్మా, ఆ పెదవులు ఆనడానికి వెనక పళ్లుండాలి, కడుపులోంచి ఊపిరి రావాలి, ఈ మూడింట్లో ఏది తగ్గినా స్వరం చీలిపోతుంది అని.

వీడియో మొదలైన కాసేపటికే కీబోర్డ్ పిల్లవాడు అసహనంగా కదలడం మొదలుపెట్టాడు. అక్కడ స్వరం సరిగా పడలేదు ఆంటీ, రికార్డులో ఇది ఎంత క్లీన్‌గా ఉంటుందో తెలుసా అంటాడు. నిజమే, పడలేదు. నేను కూడా విన్నాను. కొన్నిచోట్ల గాలి ముందు వచ్చి స్వరం తర్వాత వచ్చింది, పొడుగ్గా సాగాల్సిన చోట చిన్నగా తెంపేశారు. పెద్దాయన మాత్రం కళ్లు మూసుకుని వింటున్నారు. ఉన్నట్టుండి, ఇది కుర్రాడు, అన్నారు. ఇంకో నిమిషానికి, ఇదిగో ఇప్పుడొచ్చాడు ముసలాయన, అన్నారు. కళ్లు తెరవలేదు. ఎలా పోల్చుకున్నారండీ, ఇద్దరిదీ ఒకే బాణీ కదా అంటే, కుర్రాడు స్వరాన్ని పట్టుకుంటున్నాడు, ఆయన వదిలేస్తున్నాడు అన్నారు. ఆ మాటతో నేను మళ్లీ మొదటి నుంచి విన్నాను, తర్వాత రెండు రోజులు అదే పనిగా విన్నాను. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. రోనీ వాయించినప్పుడు వాక్యం నిండుగా పూర్తవుతుంది. మైల్స్ సగం చెప్పి ఆగుతారు, ఆ మిగతా సగం మన చెవిలో మనమే పూర్తిచేసుకుంటాం. వయసులో ఉన్నప్పుడు కూడా ఆయన పద్ధతి అదే, తక్కువ స్వరాలు, ఎక్కువ ఖాళీ. ముసలితనంలో ఊపిరి తగ్గాక ఆ పద్ధతే ఆయన్ని కాపాడింది.

మా పిన్ని అన్న మాట కోసమే నేను ఈ ఉత్తరం రాస్తున్నానని చెప్పాలి. ఆవిడకి జాజ్ అంటే ఏమిటో తెలియదు. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, ఏముందే ఇందులో వింత, వెనక కూర్చుని పాడే శిష్యుడే కదా, అంది.

అంతే కదండీ! చెన్నైలో సభల్లో పెరిగిన మనకి ఇది ఎవరైనా చెప్పాలా? పెద్ద విద్వాంసుడు వేదికెక్కితే వెనక శిష్యుడు వోకల్ సపోర్ట్‌కి కూర్చుంటాడు. గురువుగారు ఊపిరి తీసుకునేటప్పుడు అందుకుంటాడు, తారస్థాయిలో ఆయన గొంతు అందనిచోట తను నిలబెడతాడు, ఆయన మళ్లీ మొదలుపెట్టగానే తగ్గిపోతాడు. కర్ణాటక సంగీత గాయకులు శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్‌గారు ఎనభై దాటాక కూడా కచేరీలు చేశారు, నేను స్కూల్లో ఉన్నప్పుడు పిన్ని నన్ను తీసుకెళ్లింది. గొంతు జీర, మాటిమాటికీ దగ్గు. అయినా ఆయన రాగం ఎత్తుకున్న తీరుకి పక్క కుర్చీలో ఉన్న ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. శిష్యుడి సాయంతో గట్టెక్కాడని ఆ హాల్లో ఎవరూ అనుకోలేదు. ఎవరి గొంతు ఎక్కడ ఆగింది, ఎవరిది ఎక్కడ మొదలైంది అన్నది కూడా కచేరీలో భాగమే అని అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. పాట చేతులు మారడం కళ్లముందు చూస్తున్నాం అని తెలుసు.

రోనీ కథ అలాంటిదే. మైల్స్ ఆ అబ్బాయిని 1983లోనే విని, మెచ్చుకుని, తన ట్రంపెట్ ఒకటి ఇచ్చారు. మాంట్రూ రిహార్సల్స్‌లో మైల్స్ వాయించాల్సిన భాగాలు వాయించింది రోనీయే. అది విన్నాక నువ్వు నా పక్కనే ఉండి వాయించు అన్నది మైల్సే. ఎవరో తెచ్చి అతికించిన సాయం కాదు. రోనీ తర్వాత చాలా ఏళ్లు తన సొంత బృందాలతో వాయించాడు, జీవితమంతా మైల్స్‌ని అనుకరిస్తాడన్న మాట పడ్డాడు, 2020 మార్చి 31న కోవిడ్‌తో 59 ఏళ్లకే పోయాడు. మైల్స్ నూరేళ్ల వ్యాసంలో అతని పేరు ఒక్కసారైనా రావాల్సింది.

ఆ కచేరీలో లోపాలు లేవని నేననట్లేదు. కీబోర్డ్ పిల్లవాడు రెండో మాట ఒకటన్నాడు, అది మాత్రం నాకు సబబుగా అనిపించింది: రెండు బృందాలని కలపడం వల్ల ఆర్కెస్ట్రా బరువెక్కింది, గిల్ ఎవాన్స్ రాసిన మెత్తదనం చాలాచోట్ల పోయింది. పెద్దాయన కూడా ఒప్పుకున్నారు, ఇత్తడి వాయిద్యాలు ఎక్కువైతే సన్నటి ఫ్లూట్‌కి చోటుండదు, రికార్డింగ్‌లో మేం కూడా అదే ఇబ్బంది పడేవాళ్లం అన్నారు. స్పెయిన్ సంగీతం మీద చేసిన ఆల్బమ్‌లోంచి తీసుకున్న చివరి భాగాల్లో ఆ బరువే మళ్లీ బాగా పనిచేసిందని నాకనిపిస్తుంది, అక్కడ సైడ్ డ్రమ్ ఊరేగింపులా నడుస్తుంటే ట్రంపెట్ ఒంటరిగా ఏడుస్తుంది. దాని మీద మా ఇంట్లో ఇంకా వాదన తెగలేదు. ఈ మాంట్రూ కచేరీ ఆల్బమ్‌కి తర్వాత గ్రామీ వచ్చింది, అది చూపించి నోరు మూయించడం నాకిష్టం లేదు, విని మాట్లాడుకోవాలి.

అలా విని మాట్లాడుకోవడమే మీ వ్యాసంలో లేదు. రికార్డులో ఎలా ఉందో కచేరీలో అలాగే ఉండాలి, లేకపోతే తగ్గినట్టు, అన్నదే అందులో కొలబద్ద. 1961 కార్నెగీ హాల్ రాత్రినే తీసుకోండి, దాన్ని మీరు తెగ మెచ్చుకున్నారు. ఆ రోజు జరిగింది రాయలేదు. అది ఆఫ్రికాలో వైద్యసేవల కోసం నిధులు పోగుచేసే కచేరీ. మధ్యలో మైల్స్‌కి పాత స్నేహితుడైన డ్రమ్మర్ మాక్స్ రోచ్, ఆ నిధులు పోగుచేస్తున్న సంస్థ మీద నిరసనగా ప్లకార్డు పట్టుకుని వచ్చి స్టేజీ ముందు కూర్చున్నారు. మైల్స్ వాయించడం ఆపేసి లోపలికి వెళ్లిపోయారు. మళ్లీ వచ్చి వాయించినప్పుడు అంతకుముందు లేని కసి వచ్చిందని విన్నవాళ్లు చెప్తారు. ఇంకో సంగతి, అంధుడైన స్పానిష్ స్వరకర్త రోద్రిగో 1939లో గిటార్ కోసం రాసిన కాన్సెర్టో (ఒక వాయిద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన)లోని నెమ్మది భాగం ఆ రాత్రి ఆర్కెస్ట్రాతో వాయించారు, కానీ 1962లో వచ్చిన రికార్డులో అది వేయలేదు. 1987లో గానీ బయటికి రాలేదు. అంటే పాతికేళ్లు రికార్డు కొన్నవాళ్లు ఆ కచేరీలో ముఖ్యమైన భాగం వినకుండానే ఆ కచేరీ విన్నామనుకున్నారు. హాల్లో ఉన్నవాళ్లకి మాత్రమే తెలుసు. అందుకే వినేవాళ్ల మాటలకి విలువ ఇవ్వమంటున్నాను.

జాజ్ మనవాళ్లకి ఎక్కదు అనే మాట కూడా వ్యాసం మొదట్లో ఉంది. ఎందుకెక్కదండీ? పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో, ఇంకా మీసం రాని వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి అక్కడివాళ్లని కూర్చోబెట్టాడు. తర్వాత ఆయన ఏళ్ల తరబడి కలిసి వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ ఎవరు? 1969లో మైల్స్ రికార్డుల్లో గిటార్ వాయించిన మనిషే. మైల్స్ చేయి పట్టుకున్న చేయి శ్రీనివాస్ చేయి కూడా పట్టుకుంది. అంత దగ్గర చుట్టరికం పెట్టుకుని మనకి ఎక్కదంటే ఎలా?

నేను అడిగేది రెండే. ఒకటి, మాంట్రూ గురించి రాసిన ఆ వాక్యాలు సరిదిద్దండి, వాలెస్ రోనీ పేరు వేయండి. రెండోది, కోడంబాక్కం థియేటర్లలో ట్రంపెట్, సాక్సోఫోన్, ట్రాంబోన్ వాయించినవాళ్లు చెన్నైలో ఇంకా కొద్దిమంది మిగిలారు, మన పాటల వెనక ఉన్న ఊపిరి వాళ్లదే, టైటిల్స్‌లో ఏనాడూ పేరు పడలేదు. ఇలాంటి కచేరీల గురించి రాసేటప్పుడు వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి వినిపించి, వాళ్లేమన్నారో రాయండి. మా కింది పోర్షన్ పెద్దాయన మాట్లాడతానన్నారు. ముందు వద్దన్నారు, నేను ఇంతకాలం వాయించింది ఎవరికి గుర్తుందమ్మా అన్నారు, పిన్ని గట్టిగా చెప్పాక సరే అన్నారు.

వచ్చే ఆదివారం మేం కార్నెగీ హాల్ కచేరీ వింటున్నాం, రోద్రిగో భాగం కూడా ఉన్నది. కీబోర్డ్ పిల్లవాడు కూడా వస్తున్నాడు. మీ వ్యాసకర్తని కూడా పంపించండి. నాలుగింటికల్లా వస్తే కాఫీ తాగి మొదలుపెడతాం.

ఇట్లు
మీ పాఠకురాలు
పశ్చిమ మాంబళం, చెన్నై