సున్నం బట్టీల ఊళ్లో ఈ ప్రశ్నా?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న యూనిట్ టెస్టులో ‘రసాయన మార్పును వెనక్కి తిప్పలేం. ఒప్పా, తప్పా?’ అని ఇస్తే ‘తప్పు’ అని పెట్టింది, అర మార్కు కోసేశారు. పోతే పోయింది, అర మార్కు కోసం ఉత్తరం రాసేంత తీరిక నాకూ లేదు. కానీ ఈ ప్రశ్న ఇచ్చింది పిడుగురాళ్లలో, సున్నం బట్టీలకు పేరుమోసిన ఊళ్లో. అదే నాకు మింగుడుపడటం లేదు.

సున్నపురాయిని బొగ్గుతో కలిపి బట్టీలో పేర్చి 900 డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డై ఆక్సైడ్ వెళ్లిపోయి పొడి సున్నం మిగులుతుంది. మలినాలేవీ లేని రాయైతే 100 కిలోలకు దిగేది 56 కిలోలే, తక్కిన 44 కిలోలు గాల్లో కలిసిపోతాయి. చూడ్డానికి మాత్రం రాయి రాయిలాగే ఉంటుంది. మా నాన్న ఒక గడ్డ తీసుకుని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, బరువు తగిలితే ‘లోపల పచ్చిగానే ఉందే’ అని పక్కన పడేసేవాడు. బాగా కాలిన గడ్డ మీద నీళ్లు పోస్తే కుతకుతా ఉడికి, విచ్చుకుని, ముద్దయిపోతుంది, దగ్గర నిలబడితే ఆవిరి మొహానికి కొడుతుంది. ఆ సున్నాన్నే గోడకు కొడితే రెండు మూడు రోజుల్లో గాలిలోంచి కార్బన్ డై ఆక్సైడ్ పట్టుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే బట్టీలో వేసిన రాయిలో ఏముందో అదే గోడ మీదికి వచ్చింది! ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో ఈ వెల్ల సంగతి ఉంది కూడా. ఏడులో రాదని పెట్టించి, పదిలో వచ్చిందని చదివిస్తే పిల్లలు దేన్ని నమ్మాలండీ?

అంతదూరం ఎందుకు, దిష్టి తీసే ఎర్రనీళ్లు చూడండి. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎరుపు, అందులో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. (దిష్టి పోతుందా లేదా అన్నది వేరే సంగతి.) అటు భౌతిక మార్పన్నది ఎప్పుడూ వెనక్కి వస్తుందా అంటే, బియ్యం మరలో పట్టించుకొచ్చాక ఆ పిండిని మళ్లీ గింజలు చేసి చూపించమనండి. పిండైనా అది బియ్యమే, కొత్త పదార్థమేమీ కాదు, అందుకే అది భౌతిక మార్పు. అసలు చూడాల్సింది కొత్త పదార్థం పుట్టిందా లేదా అని. వెనక్కి రావడం, రాకపోవడం చాలాసార్లు సరిపోతుంది గానీ అన్నిసార్లూ కాదు.

టీచర్‌ని అడిగితే ‘గైడులో అలాగే ఉందమ్మా’ అన్నారట. ఆవిడ తప్పేం లేదు, మేం చదువుకున్నప్పుడూ ‘భౌతికం తాత్కాలికం, రసాయనికం శాశ్వతం’ అని బట్టీ పట్టినవాళ్లమే. ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లు ఆ వాక్యం తీసేయాలి, లేదంటే కనీసం ‘సాధారణంగా’ అన్న ఒక్క మాటైనా ముందు చేర్చాలి.

– ఒక పాఠకురాలు, పిడుగురాళ్ల